తెర మీద రెండు గ్రాస్పర్లు: ఏది ఎవరిదో కంప్యూటర్‌కు ఎలా తెలియాలి?

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ వీడియో ఏదైనా ఒక అయిదు నిమిషాలు చూస్తే, అందులో మనుషులే కనిపించరని తెలుస్తుంది. సర్జన్ మొహం ఉండదు, చేతులు ఉండవు. ఎర్రగా, పసుపుగా, తడితడిగా మెరిసే ఒక ఇరుకు చోటు, అందులోకి తెర అంచుల నుంచి దూరి వచ్చే రెండు మూడు సన్నటి కడ్డీలు. ఒకటి పట్టుకుని పైకి లాగుతుంది. ఇంకొకటి కొక్కెం లాంటి మొనతో పొరల్ని కొద్దికొద్దిగా కాలుస్తూ విడదీస్తుంది. సన్నగా పొగ లేస్తుంది. కడ్డీ వెనక్కి వెళ్లిపోతుంది, దాని చోట మరొకటి వస్తుంది. సర్జన్ నేర్పు, తొందర, తటపటాయింపు అన్నీ ఈ కడ్డీల కదలికలోనే ఉంటాయి. అందుకే ఆపరేషన్‌ను కంప్యూటర్‌తో చదివించాలనుకున్న వాళ్లంతా ముందు ఈ పరికరాల మీదే దృష్టి పెట్టారు. ఏ క్షణంలో ఏ పరికరం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఎవరి చేతిలో ఉంది అన్నది తేలితే మిగతా లెక్కలన్నీ దాని మీద కట్టుకోవచ్చు.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. తరచూ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ఒక ఫ్రేము చూసి 'ఇది గ్రాస్పర్ (పట్టుకునే కడ్డీ), ఇది హుక్ (కొక్కెం మొనది)' అని చెప్పడం గుర్తుపట్టడం. ఇందాక కనిపించిన గ్రాస్పరే ఇది, పక్కనున్నది వేరేది అని ఆపరేషన్ సాగినంత సేపూ గుర్తుంచుకోవడం ట్రాకింగ్. మొదటి పని చాలావరకు దారికొచ్చింది. రెండోది ఇంకా రాలేదు. అసలు ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

మన ఇళ్లలో స్టీలు సామాను మీద పేర్లు చెక్కించే అలవాటు ఊరికే రాలేదు. పెళ్లింట్లో మన గిన్నె, పక్కింటి వాళ్ల గిన్నె పక్కపక్కన పెడితే అవి గిన్నెలని ఎవరైనా చెబుతారు. ఏది ఎవరిదో చెప్పాలంటే మాత్రం అంచు తిప్పి పేరు చదవాల్సిందే. పొట్ట లోపల రెండు గ్రాస్పర్లు ఉన్నప్పుడు సంగతీ అంతే. రెండూ ఒకే కంపెనీవి, ఒకే 5 మిల్లీమీటర్ల మందం, ఒకే మెరుపు. ఆస్పత్రి పరికరాల మీద కూడా లేజర్‌తో కోడ్ చెక్కుతారు. కానీ పొట్ట లోపలి కెమెరాకు కనిపించేది మొన, కాస్త కడ్డీ. పిడి, దాని మీది గుర్తులు బయటే ఉండిపోతాయి.

మొదట్లో పరిశోధకులు వెతికిన దారి కూడా పేరు చెక్కించడం లాంటిదే. 1997లో జర్మనీ అంతరిక్ష పరిశోధన కేంద్రం డీఎల్ఆర్‌కు చెందిన వెయ్, ఆర్బ్‌టర్, హిర్జింగర్ పరికరం చివర రంగు గుర్తు పెట్టి, రోబో చేతిలో ఉన్న కెమెరా ఆ రంగును వెంబడించేలా చేశారు. ఏ రంగు పడితే ఆ రంగు పనికిరాదు. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు లోపల ఎటు చూసినా ఉంటాయి. అందుకని శరీరంలో దాదాపు ఎక్కడా కనిపించని రంగును లెక్కగట్టి ఎంచుకున్నారు. మెదడు, మోకాలు ఆపరేషన్లలో ఇంకో పద్ధతి స్థిరపడింది. పరికరానికి మెరిసే చిన్న గోళీలు బిగిస్తారు, గదిలో ఒక పక్కన ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటిని చూస్తుంది. చాలా కచ్చితమైన పద్ధతి. అయితే మధ్యలో ఎవరైనా అడ్డొస్తే చూపు తెగిపోతుంది. పైగా ప్రతి పరికరానికీ ఏదో ఒకటి బిగించాలి, దాన్నీ స్టెరిలైజ్ చేయాలి. రోజూ జరిగే గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు అంత హంగు ఎవరూ పెట్టుకోరు. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీలో కెమెరా ఎలాగూ లోపలే ఉంది కాబట్టి, పరికరానికి ఏమీ తగిలించకుండా ఆ బొమ్మ నుంచే అంతా రాబట్టాలన్న ఆలోచన బలపడింది. కంప్యూటర్ విజన్, అంటే బొమ్మను కంప్యూటర్‌తో చదివించే విద్య, ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చింది ఆ దారిలోనే.

ఈ కథకు కేంద్రం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రిలో 13 మంది సర్జన్లు చేసిన 80 గాల్‌బ్లాడర్ ఆపరేషన్ల వీడియోలను కంప్యూటర్ శాస్త్రవేత్త నికొలా పదుయా బృందం కోలెక్80 పేరుతో పరిశోధకులకు ఇచ్చింది. ఆపరేషన్‌ను ఏడు దశలుగా విడగొట్టారు, ఏడు పరికరాలు ఏ ఫ్రేముల్లో ఉన్నాయో వీడియోలో గుర్తులు వేశారు: గ్రాస్పర్, కరెంటుతో నెత్తురు ఆపే బైపోలార్, హుక్, సిజర్స్ (కత్తెర), క్లిప్పులు వేసే క్లిప్పర్, నీళ్లతో కడిగే ఇరిగేటర్, తీసిన గాల్‌బ్లాడర్‌ను వేసే బ్యాగ్. దానితో పాటే 2016లో వచ్చిన ఎండోనెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) ఏ ఫ్రేములో ఏ పరికరం ఉందో చెప్పడంలో సగటున 81 శాతం స్కోరు సాధించింది. హుక్ విషయంలో 95 దాటింది. కత్తెర దగ్గరికి వచ్చేసరికి 60 కూడా అందలేదు.

ఈ కత్తెర సంగతి కాస్త ఆగి చూడాలి. కోలెక్80లో గ్రాస్పర్, హుక్ ఒక్కొక్కటీ సగానికి పైగా ఫ్రేముల్లో ఉంటాయి. కత్తెర కనిపించేది నూటికి రెండు ఫ్రేముల లోపే. ఉదాహరణలు తక్కువైతే యంత్రం సరిగా నేర్చుకోదు, అందులో వింతేమీ లేదు. కానీ ఆపరేషన్‌లో వెనక్కి తీసుకోలేని పని జరిగేది ఆ కొద్ది సెకన్లలోనే. గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే సన్నటి నాళాన్ని బయటపెట్టి, శరీరంలో ఉండిపోయే వైపు సాధారణంగా రెండు క్లిప్పులు, తీసేసే వైపు ఒకటి వేసి, మధ్యలో కత్తిరిస్తారు. ఈ ఆపరేషన్‌లో సర్జన్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడే పొరపాటు ఈ సన్న నాళం అనుకుని కాలేయం నుంచి పేగులోకి వెళ్లే ప్రధాన పైత్యనాళాన్ని కోయడం. క్లిప్పర్, కత్తెర ఎంత సేపు కనిపిస్తాయన్న దానితో వాటి ప్రాముఖ్యానికి సంబంధం లేదు. సగటు స్కోరు మాత్రం ఆ తేడాను కప్పేస్తుంది. ఏ పేపర్ చదివినా, ఏ కంపెనీ ప్రచారం విన్నా సగటు పక్కన పెట్టి ముందు కత్తెర వరుస చూడటం మంచి అలవాటు.

ఇక ట్రాకింగ్ ఎలా జరుగుతుందో చూద్దాం. ఎక్కువగా వాడే పద్ధతికి మూలం రోడ్డు మీద మనుషుల్ని, కార్లను వెంబడించే సాఫ్ట్‌వేర్. ముందు యోలో లాంటి డిటెక్టర్ ప్రతి ఫ్రేములో పరికరాల చుట్టూ పెట్టెలు గీస్తుంది. తర్వాత, గత ఫ్రేముల కదలికను బట్టి ప్రతి పెట్టె ఈ ఫ్రేములో ఎక్కడ ఉండొచ్చో అంచనా వేస్తారు. దీనికి వాడేది 1960లో కాల్మన్ ప్రతిపాదించిన ఫిల్టర్. చివరికి అంచనాలను, నిజంగా దొరికిన పెట్టెలను జత చేస్తారు. ఎవరికి ఏ పని అప్పజెబితే మొత్తం ఖర్చు తగ్గుతుందో తేల్చడానికి 1955లో వచ్చిన హంగేరియన్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. 2016లో వచ్చిన సార్ట్ అనే ట్రాకర్ ఈ రెండింటినీ కలిపింది, తేలికగా, వేగంగా నడుస్తుంది. జత కుదిరితే ఆ పరికరానికి ముందు ఇచ్చిన నంబరే కొనసాగుతుంది, కుదరకపోతే కొత్త నంబర్ పడుతుంది.

రోడ్డు మీద ఇది బాగానే నడుస్తుంది. మనిషి ఒక తీరుగా నడుస్తాడు, చొక్కా రంగు వేరుగా ఉంటుంది, వీధి దాటి వెళ్లాక సాధారణంగా వెనక్కి రాడు. పొట్ట లోపల ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు. పరికరం ఒక్క విదిలింపులో తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. రంగు చూసి రెండు గ్రాస్పర్లను వేరు చేయలేం. వెళ్లిన పరికరం పది సెకన్లకో, పది నిమిషాలకో తిరిగి వస్తుంది. కెమెరా కూడా స్థిరంగా ఉండదు, దాన్ని పట్టుకునేది ఒక అసిస్టెంట్. ఆ చెయ్యి కాస్త కదిలితే తెర మీద అన్నీ ఒకేసారి కదులుతాయి. ఏది కదిలింది, పరికరమా కెమెరానా అన్నది కూడా యంత్రమే తేల్చుకోవాలి.

ఒక్క నిమిషం వీడియోను దగ్గరగా చూద్దాం. కుడి చేతి హుక్ కాలేయం అంచున పొరను కాలుస్తోంది. ఎడమ చేతి గ్రాస్పర్ గాల్‌బ్లాడర్ మెడను పట్టి పక్కకు లాగింది. అసిస్టెంట్ గ్రాస్పర్ దాని పై కొసను కాలేయం మీదికి ఎత్తి పట్టుకుంది. పొగ చిక్కబడుతుంది. ముందు హుక్ మొన మాయమవుతుంది, తర్వాత కడ్డీలు కూడా బూడిద రంగు మసకలో కలిసిపోతాయి. ఇంతలో లెన్స్ మీద నెత్తురు చుక్క పడుతుంది. 'కెమెరా తుడవండి' అన్న మాట వినిపిస్తుంది. కెమెరా బయటికి వస్తుంది. తెర మీద ఒక్క క్షణం ఆకుపచ్చ గుడ్డలు, థియేటర్ లైట్లు, లెన్స్ ముంచే వేడినీళ్ల ఫ్లాస్కు. మళ్లీ లోపలికి వెళ్లేసరికి కోణం కాస్త మారింది. ఇందాక ఎడమ అంచున ఉన్న కడ్డీ ఇప్పుడు కింది అంచున ఉంది. పక్కన నిలబడి చూస్తున్న పీజీ డాక్టర్‌కు ఇందులో తికమక ఏమీ లేదు. ట్రాకర్‌కు మాత్రం మొత్తం కొత్తగా ఉంటుంది. 1, 2, 3 నంబర్లు 4, 5, 6 అవుతాయి. లేదా అంతకన్నా ఘోరంగా, రెండు గ్రాస్పర్ల నంబర్లు తారుమారవుతాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కొత్త నంబర్ పడటం తప్పేనా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ఈ రంగమంతా చాలాకాలం దీన్ని దాటేసింది. స్ట్రాస్‌బర్గ్ బృందమే తర్వాత తయారుచేసిన కోలెక్‌ట్రాక్20 దీన్ని సూటిగా ఎదుర్కొంది. 20 పూర్తి ఆపరేషన్ల వీడియోలు, 35 వేలకు పైగా ఫ్రేములు, 65 వేలకు పైగా పరికరాల గుర్తులు. ఇందులో 'అదే పరికరం' అన్న మాటకు మూడు అర్థాలు ఇచ్చారు. తెర మీద కనిపిస్తున్నంత సేపే లెక్క అనేది ఒకటి. కనిపించకపోయినా పొట్టలో ఉన్నంత సేపు అదే పరికరం అనేది రెండోది. బయటికి తీసి మళ్లీ పెట్టినా, ఆపరేషన్ మొదలు నుంచి చివరి దాకా అదే పరికరం అనేది మూడోది.

ఏ అర్థం కావాలన్నది దేనికి వాడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. నేర్చుకునే డాక్టర్ చెయ్యి ఎంత పొదుపుగా కదిలిందో కొలవడానికి మొదటిది సరిపోతుంది. తెరకు అవతల, ఎవరూ చూడని చోట ఒక పరికరం మొన పేగుకు తగులుతుందేమో అన్న జాగ్రత్తకు రెండోది కావాలి. లాప్రోస్కోపీలో చూపుకు అందని పరికరం వల్ల దెబ్బ తగలడం నిజమైన ప్రమాదమే. అంటే ఈ పనిలో కనిపించనిది కూడా గుర్తుండాలి. ఏ పరికరాన్ని ఎన్నిసార్లు మార్చారు, ఎంత సేపు వాడారు అని ఆస్పత్రి లెక్క వేసుకోవాలంటే మూడోది కావాలి.

అప్పటికి పేరున్న ట్రాకర్లను ఈ వీడియోల మీద పరీక్షిస్తే హోటా అనే కొలతలో 45 శాతం కూడా దాటలేదు. గుర్తుపట్టడంలో తొంభైల్లో స్కోర్లు చూసిన కళ్లకు ఇది దెబ్బ లాంటిదే. కొలత మారితే లోకం ఎలా మారుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 40 నిమిషాల ఆపరేషన్‌లో సెకనుకు 25 చొప్పున 60,000 ఫ్రేములుంటాయి. మొత్తం సేపూ రెండు గ్రాస్పర్లు తెర మీద ఉన్నాయని, సరిగ్గా 20వ నిమిషంలో వాటి నంబర్లు తారుమారయ్యాయని, ఆ తర్వాత అలాగే ఉండిపోయాయని అనుకుందాం. 1,20,000 పెట్టెలూ సరైన చోటే ఉన్నాయి. 2008 నుంచి వాడుకలో ఉన్న మోటా అనే కొలత ఇందులో రెండే తప్పులు చూస్తుంది, దాదాపు నూటికి నూరు వేస్తుంది. కానీ ఆపరేషన్ రెండో సగమంతా సర్జన్ చేసిన పని అసిస్టెంట్ ఖాతాలో, అసిస్టెంట్ పని సర్జన్ ఖాతాలో పడింది. 2020లో వచ్చిన హోటా గుర్తుపట్టడాన్ని, గుర్తుంచుకోవడాన్ని విడివిడిగా తూచి కలుపుతుంది కాబట్టి ఈ తారుమారును వదలదు.

మరి దారేమిటి? పెద్ద నెట్‌వర్క్, ఇంకా ఎక్కువ వీడియోలు అన్నది అందరికీ ముందు తోచే జవాబు. కొంత లాభం ఉంటుంది. కానీ రెండు గ్రాస్పర్ల మధ్య చూపులో తేడాయే లేనప్పుడు ఎంత పెద్ద కన్ను పెట్టినా ఏం లాభం? జవాబు బొమ్మలో కన్నా ఆపరేషన్ జరిగే తీరులో ఉంది. పొట్టకు పెట్టిన ప్రతి పోర్టూ ఒక స్థిరమైన రంధ్రం. ఒక పోర్టులోంచి వచ్చిన కడ్డీ ఎటు తిరిగినా ఆ రంధ్రం గుండానే తిరగాలి, పడవ తెడ్డు కొక్కీ దగ్గర తిరిగినట్టు. కాబట్టి మొన ఎక్కడున్నా కడ్డీ వాలును వెనక్కి పొడిగిస్తే అది ఏ పోర్టు నుంచి వచ్చిందో తెలుస్తుంది. పోర్టు తెలిస్తే ఎవరి చెయ్యో తెలుస్తుంది. సర్జన్ ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, అసిస్టెంట్ చెయ్యి అని కోలెక్‌ట్రాక్20లో పరికరంతో పాటు చేతికి కూడా గుర్తు వేశారు. వీటి మీదే 2024లో వచ్చిన సర్జిట్రాక్ పద్ధతి కడ్డీ దిశను చూసి చేతిని ఊహించి, దాన్నే గుర్తింపుగా వాడుకుంటుంది. గిన్నె మీద పేరు లేకపోయినా, అది ఏ గుమ్మంలోంచి వచ్చిందో చూసి ఎవరిదో చెప్పడం లాంటిది. థియేటర్‌లో నిలబడ్డ మనిషి కూడా అలాగే పోల్చుకుంటాడు. కెమెరా బాగా తిరిగినప్పుడు ఈ లెక్క కూడా కాస్త తడబడుతుంది గానీ, ఆలోచన మాత్రం సరైన దారిలో ఉంది.

రియల్ టైమ్ అన్న మాట కూడా తేలిగ్గా వాడేస్తుంటారు. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు ఉన్న గడువు 40 మిల్లీ సెకన్లు. అందులోనే బొమ్మ రావాలి, పెట్టెలు గీయాలి, జతలు కుదరాలి. గడువు దాటితే కొన్ని ఫ్రేముల్ని వదిలేయాల్సి వస్తుంది. ఫ్రేములు వదిలితే రెండు చూపుల మధ్య పరికరం ఎక్కువ దూరం జరిగి ఉంటుంది, అంచనా తప్పుతుంది, నంబర్లు తారుమారవుతాయి. అంటే నెమ్మదితనమే పొరపాట్లకు మూలం అవుతుంది. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా వీడియో చూసే పద్ధతికి ఇంకో వెసులుబాటు ఉంది. పొగ తగ్గాక ఏం కనిపించిందో చూసి, పొగలో ఏం జరిగిందో వెనక్కి పూరించుకోవచ్చు. రియల్ టైమ్ పద్ధతికి రాబోయే ఫ్రేములు అందవు, గడిచినవే ఉంటాయి. ఒకే పద్ధతికి ఈ రెండు చోట్లా వేర్వేరు స్కోర్లు రావడం అందుకే. ఎంత ఆలస్యాన్ని తట్టుకోవచ్చో ఒక పాత ఉదాహరణ చెబుతుంది. 2001 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లో కూర్చున్న జాక్ మరెస్కో బృందం స్ట్రాస్‌బర్గ్‌లోని రోగి గాల్‌బ్లాడర్‌ను రోబోతో తీసింది. చెయ్యి కదిపిన క్షణానికీ తెర మీద కనిపించిన క్షణానికీ మధ్య సగటు ఆలస్యం 155 మిల్లీ సెకన్లు. అలవాటైన చెయ్యి ఆ ఆలస్యాన్ని సర్దుకోగలిగింది. ఇంకో 40 ఇక్కడ, 60 అక్కడ కలుపుకుంటూ పోతే మాత్రం తెర మీది పెట్టె పరికరం వెనకాల పరిగెడుతూ కనిపిస్తుంది. అలాంటి పెట్టె కన్నా ఏ పెట్టె లేకపోవడమే సర్జన్‌కు మేలు.

రోబో ఉంటే ఈ తలనొప్పి ఉండదు కదా అనిపించవచ్చు. డావిన్సీ లాంటి రోబోలో ప్రతి కీలు ఎంత తిరిగిందో యంత్రానికే తెలుసు, ఏ చెయ్యి ఏదో కూడా తెలుసు. నిజమే, తారుమారు సమస్య చాలావరకు పోతుంది. కానీ పరికరం కొస సన్నటి తీగలతో కదులుతుంది. తీగలు కాస్త సాగుతాయి, వదులవుతాయి. లెక్కలో మొన ఉన్న చోటుకూ నిజంగా ఉన్న చోటుకూ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాను సరిదిద్దడానికి మళ్లీ కెమెరా బొమ్మే దిక్కు.

మన దగ్గరికి వస్తే, లాప్రోస్కోపీ ఇప్పుడు పెద్ద నగరాల వింత కాదు. జిల్లా కేంద్రాల్లోని నర్సింగ్ హోముల్లో కూడా రోజూ జరుగుతుంది. కొన్ని చోట్ల డిశ్చార్జ్ కాగితాలతో పాటు ఆపరేషన్ వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, ఇంటికెళ్లాక అది బీరువాలో పడి ఉంటుంది. వీడియోకు కొదవ లేదు. కొదవ ఉన్నది గుర్తులు వేసిన వీడియోకు. ఫ్రేము తర్వాత ఫ్రేము తిప్పుతూ, తెలిసిన మనిషి కూర్చుని పెట్టెలు గీయాలి. స్ట్రాస్‌బర్గ్ వీడియోలతో నేర్చుకున్న యంత్రం గుంటూరులోనో కరీంనగర్‌లోనో అలాగే పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. కెమెరా వేరు, లైటు వేరు, పరికరం కంపెనీ వేరు, పోర్టులు పెట్టే తీరు కూడా సర్జన్‌ను బట్టి మారుతుంది. అక్కడి ఒక్క ఆస్పత్రి అలవాట్లే యంత్రానికి లోకం. ఇక్కడి వీడియోలు కలపాలంటే రోగి అనుమతి కావాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఆ మాటే అడుగుతుంది. లెన్స్ తుడవడానికి కెమెరా బయటికి వచ్చిన ప్రతిసారీ గదిలోని మనుషుల మొహాలు అందులో పడతాయి. ఆ ముక్కల్ని కత్తిరించడం కూడా పనిలో భాగమే.

ఈ విషయం ఎత్తితే మామూలు జనం వేసే ప్రశ్న ఒకటుంది: 'కడుపులో కత్తెర మరిచిపోవడం ఇక ఆగుతుందా?' 2019 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో, హెర్నియా ఆపరేషన్ జరిగిన మూడు నెలలకు ఒక మహిళ కడుపులోంచి ఫోర్సెప్స్ (పటకారు) తీసిన వార్త తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టులో, రోగి థియేటర్ దాటే లోపు పరికరాలు, గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందని నర్సు నోటితో చెప్పాలన్నది ఒక అంశం. అయితే పొట్ట లోపలి కెమెరా ఈ లెక్కకు ఒంటరిగా సరిపోదు. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో అసలు అది ఉండదు. లాప్రోస్కోపీలో కూడా పరికరం పోర్టులోంచి బయటికి వెళ్లడం దానికి కనిపిస్తుంది, ఆ తర్వాత ట్రేలోకి చేరిందో లేదో కనిపించదు. ఫ్రాన్స్‌లోనే బ్రెస్ట్ నగరంలో 50 కాటరాక్ట్ ఆపరేషన్లను రికార్డు చేసినప్పుడు, మైక్రోస్కోపు వీడియోతో పాటు పరికరాల ట్రే మీద కూడా ఇంకో కెమెరా పెట్టారు. ట్రేలో ఖాళీ అయిన చోటు, కంటి దగ్గరకు వచ్చిన పరికరం ఒకే సమయానికి రెండు వీడియోల్లో దొరుకుతాయి. 21 రకాల పరికరాలు, వాటిలో కొన్నింటికి మొన దగ్గర తప్ప తేడా లేదు. ఏది తీశారో ట్రే చెబుతుంది, ఏం చేస్తోందో మైక్రోస్కోపు చెబుతుంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్లలో ఇలా రెండు వైపులా తీసిన వీడియోలు కావాలి, పరికరాలు అందించే స్క్రబ్ నర్సు ట్రే ముందు నిలబడి ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెట్టే ఆ చివరి రెండు నిమిషాలతో సహా.